టెనిన్ చెప్పని దినుసు

బమాకో నగరంలో ఒక వాగు పొడుగునా రంగులద్దే ఆడవాళ్ళ పెరళ్ళు తొమ్మిది ఉన్నా, టెనిన్ కూలిబాలీ పెరటి ముందునుంచి నడవాల్సి వస్తే మాత్రం మగవాళ్ళు చుట్టుదారి వెతుక్కునేవారు. ఆమెకి యాభై ఎనిమిదేళ్ళు. మోచేతుల దాకా నేరేడుపండు రంగు. తొట్టి మీద వంగి బట్ట పిండుతూనే, తల ఎత్తకుండా, అడుగుల చప్పుడుని బట్టి మనిషిని పోల్చి ఒక మాట విసిరేది. బొజ్జ పెరిగిన దర్జీని ఎన్నో నెలని అడిగేది. కొత్తగా రెండో పెళ్ళి చేసుకున్న మాంసం కొట్టువాడిని, ఇవాళ రెండు గుమ్మాల్లోనూ అన్నం దొరకలేదా నాయనా అని పరామర్శించేది. ఆ మాటలు పడ్డవాళ్ళు నవ్వుకుంటూనే వెళ్ళేవారు. వీధి మలుపు తిరిగాక గానీ ఉడుక్కునేవారు కాదు.

పన్నెండేళ్ళప్పుడు సెగూ వైపు పల్లె నుంచి అక్క వాసా వెంట వచ్చింది. అక్కే పని నేర్పింది. పెళ్ళి లారీ డ్రైవరు బూబకర్‌తో అయింది. అతనికి ఈమె రెండో భార్య. భార్యలందరినీ సమానంగా చూడాలన్న నియమాన్ని బూబకర్ ఎన్నడూ తప్పలేదని, ముగ్గురినీ సమానంగానే మరిచిపోయేవాడని టెనిన్ చెప్పుకునేది. అతను పోయాక సవతులు ముగ్గురూ ఒకే పళ్ళెంలో తిన్నారు. ఇద్దరు కూతుళ్ళకీ పెళ్ళిళ్ళయ్యాయి. వాసా మాత్రం రెండు వానాకాలాల కిందట, మూడంటే మూడు రోజుల జ్వరంతో పోయింది. తొట్టి పక్కన ఆమె కూర్చునే పీట ఇంకా అక్కడే ఉంది. దాని మీద ఎవరూ కూర్చోరు. టెనిన్ సబ్బు పెట్టుకుంటుంది. అక్క పోయినప్పటినుంచి చెల్లెలి వేళాకోళాలు రెండింతలయ్యాయని పెరటి ఆడవాళ్ళు అనుకునేవారు గానీ, ఆపమని మాత్రం ఎవరూ అనేవారు కాదు. అవి ఆగితే ఏం వినపడుతుందో వాళ్ళకి తెలుసు.

వాళ్ళు అద్దేది బజేన్ అనే నూలుబట్ట. పెళపెళలాడుతూ మెరిసే బట్ట. పెళ్ళికీ, బిడ్డకి పేరు పెట్టే రోజుకీ, బక్రీదుకీ అది ఒంటిమీద లేకపోతే మనిషి బట్టలేసుకున్నట్టే లెక్క కాదు. రంగు, కాస్టిక్ సోడా, వేణ్ణీళ్ళు, వీటికి తోడు హైడ్రోస్ అనే తెల్లటి పొడి. ఆ పొడి పడితేనే నీలం తన రంగు విడిచి, లేత పసుపుగా కరిగి, బట్టలోకి దిగుతుంది. బట్టని పైకి తీసి గాలికి పట్టగానే పసుపు ఆకుపచ్చగా, ఆకుపచ్చ నీలంగా తిరిగి కూర్చుంటుంది. ఆ పొడి ఎంత వెయ్యాలి, ఏ వేడి మీద వెయ్యాలి అన్నది ఏ పెరటివాళ్ళూ పక్క పెరటికి చెప్పరు. కోడళ్ళకి కూడా చెప్పరు, పుట్టింటికి మోసుకుపోతారని. టెనిన్ దగ్గరున్నది వాసా కొలత.

పిండగా మిగిలిన నీళ్ళన్నీ వాగులోకి, వాగులోంచి జోలిబా నదిలోకి పోయేవి. సోమవారం వాగు నీలంగా పారితే గురువారం ఎర్రగా పారేది. ఊళ్ళో ఏ రంగు ఆడుతోందో దిగువ వాళ్ళకి వాగే చెప్పేది. ఆ దిగువనే ఆకుకూరల మళ్ళు వేసుకునే ఆడవాళ్ళు ఒకరోజు గంపలతో సహా మున్సిపాలిటీ మెట్లమీద కూర్చున్నారు. వాళ్ళ తోటకూర వేళ్ళు ఊదారంగుకి తిరిగాయి. అంతే, కాగితం వచ్చింది. బక్రీదు లోపల పెరటి నీళ్ళు తేటగా బయటికి రావాలి. లేదంటే తలుపులకి లక్క ముద్ర. కావాలంటే కొండల అవతల స్థలం ఇస్తారట, అక్కడ వాగూ లేదు, బావీ లేదు. తొమ్మిది పెరళ్ళలో అన్నిటికంటే దిగువన ఉన్నది టెనిన్‌ది కాబట్టి, ఎవరు వదిలిన రంగైనా ఆమె గుమ్మం ముందునుంచే పోతుంది కాబట్టి, ముద్ర మొదట ఆమె తలుపుకే. ఆమెతో కలిపి పదకొండు మంది ఆడవాళ్ళ బతుకు ఆ పెరట్లోనే ఉంది. కొండల అవతలికి నీళ్ళు మోసే వయసు వాళ్ళలో ఇద్దరికో ముగ్గురికో ఉందేమో. టెనిన్‌కి లేదు.

అప్పుడొచ్చాడు లసీన్ డుంబియా. విశ్వవిద్యాలయంలో రసాయనాలు చెప్పే మనిషి, బక్కపలచగా ఉంటాడు, పెద్దవాళ్ళ ముందు చూపు నేలమీదే. రెండు బస్తాల ఎర్రకంకర తెచ్చాడు. బమాకోలో ఎక్కడ తవ్వినా దొరికే కంకరే. బట్టీలో కాల్చి తెచ్చానన్నాడు. ఆ కంకరని రంగునీళ్ళ తొట్టిలో పోసి, సోడా ఘాటు విరగడానికి కాస్త పులుపు కలిపి, గాయాలు కడిగే నురగమందు పోస్తే నీళ్ళు తేటపడతాయన్నాడు. గాజు సీసాలో చేసి చూపించాడు కూడా.

"ఆ నురగమందు ఒక్కటే రంగునేమీ చెయ్యలేదు పెద్దమ్మా" అన్నాడు. "ఈ రాళ్ళు పక్కనుంటే మాత్రం రంగు మీద పడి ముక్కలు చేసేస్తుంది. రాళ్ళు అరగవు, ఖర్చవవు, మళ్ళీ వాడుకోవచ్చు. ఇలాంటివాటిని ఉత్ప్రేరకాలంటాం."

"అంటే ఇద్దరికి తగువు పెట్టి, తను చేతులు కట్టుకుని చూసేదన్నమాట" అంది టెనిన్. "మా మూడో సవతి అచ్చం అంతే. దాన్నే పట్టుకొచ్చి తొట్టిలో కూర్చోబెడితే పోయేదిగా, బస్తాలు మోసావు పాపం."

ఆ రోజునుంచి పెరట్లో ఆ కంకర పేరు మూడో సవతి.

లసీన్ పుస్తకం తీసి, నీళ్ళలో ఏమేం వేస్తారో చెప్పమన్నాడు. పదకొండు మంది ఆడవాళ్ళూ ఒక్కసారిగా మూగవాళ్ళయ్యారు. అతను తొమ్మిది పెరళ్ళూ అదే పుస్తకం పట్టుకుని తిరిగే మనిషి. అందులో రాసిన కొలత సాయంత్రానికల్లా ఎగువ పెరటి కోరోతూం చెవిలో ఉండదని ఏమిటి నమ్మకం? రంగూ సోడా వేస్తామని టెనిన్ చెప్పింది. హైడ్రోస్ వాడరా అని అతను మెల్లగా అడిగితే, అవన్నీ ఈ కాలం వాళ్ళ సోకులని, తమది అమ్మమ్మల నాటి బూడిద పద్ధతని, కన్ను ఆర్పకుండా చెప్పింది. వెనక సీతాన్ అనే ఆవిడకి దగ్గొచ్చింది. సీతాన్ కూర్చున్నదే హైడ్రోస్ డబ్బా మీద.

సీసాలో పనిచేసిన రాళ్ళు తొట్టిలో పనిచెయ్యలేదు. మొదటి వారం నీళ్ళు నీలంగానే ఉన్నాయి. రెండో వారం నురగమందు రెట్టింపు పోశాడు, అయినా నీలమే. పైగా పులుపు కలిపినప్పుడల్లా కుళ్ళిన గుడ్ల కంపు గుప్పుమనేది. అదేం వాసన పెద్దమ్మా అని లసీన్ ముక్కు మూసుకుని అడిగాడు. అది మధ్యాహ్నం వంటని, కూలిబాలీల ఇంట బొబ్బర్లు ఉడికితే అలాగే ఉంటుందని టెనిన్ చెప్పింది. కూలిబాలీలకి బొబ్బర్లంటే ఎంత పిచ్చో దేశమంతా చెప్పుకుని నవ్వే మాటే గనక అతను నవ్వి ఊరుకున్నాడు. అనుమానం ఉన్నా, తల్లి వయసు ఆడమనిషిని నువ్వు అబద్ధమాడుతున్నావని అనే పెంపకం కాదు అతనిది.

మూడో వారం కూడా గడిచింది. తనిఖీకి వస్తున్నామని కబురొచ్చింది.

రంగు చెడిన బట్టని మళ్ళీ తెల్లగా చెయ్యాలంటే అద్దేవాళ్ళు ఏం చేస్తారో టెనిన్‌కి ఎవరూ చెప్పక్కర్లేదు. హైడ్రోస్ నీళ్ళలో ఉడకబెడతారు, రంగు దులిపినట్టు పోతుంది. తనిఖీకి ముందురోజు ఒక చెంబుడు ఎర్రనీళ్ళలో గుప్పెడు పొడి వేసి చూసింది. ఎరుపు మాయమైంది. మర్నాడు చూస్తే, ఇంకా మాయంగానే ఉంది. తొట్టిలో ఆ వారమంతా ఎర్రనీళ్ళే. ఇంకేం, లసీన్ రాకముందే అరబస్తా పొడి తొట్టిలో కుమ్మరించి, కలిపి, పైన మూడో సవతిని అందంగా పరిచింది. నీళ్ళు గంజిమీద తేటలా అయ్యాయి. లసీన్ వచ్చి చూసి, ఆ కంకర ముందు మోకాళ్ళమీద కూర్చున్నాడు. టెనిన్ ఏ కళనుందో, అభినందించింది కూడా.

మున్సిపాలిటీ అధికారి నామోరీ కేటా ఇస్త్రీ మడత నలగని తెల్లటి బజేన్ అంగీలో దిగాడు. చంకలో లక్క, కొవ్వొత్తి ఉన్న సంచీ. కేటా ఇంటిపేరు వాళ్ళకీ కూలిబాలీలకీ తాతల నాటినుంచి పరాచికాల వరస. బావామరదళ్ళ సరసం ఇంటి గడప దగ్గర ఆగుతుంది గానీ ఇది కచేరీలోనూ ఆగదు, శవం దగ్గరా ఆగదు. ఎవరు ఎవరిని ఏమన్నా అవతలివాళ్ళు నవ్వాలి తప్ప కోపం తెచ్చుకోకూడదు. తెచ్చుకుంటే పరువు వాళ్ళదే పోతుంది.

అందుకని అతను గుమ్మంలోంచే మొదలెట్టాడు. "బొబ్బర్లు తినే జాతి ఇక్కడేనా కాపరం? గాలి ఎటు వీస్తోందో చూసుకుని లోపలికి రావాలి."

"వచ్చావా నా బానిసా" అంది టెనిన్. "ఆలస్యమైంది. నీ పూర్వీకులైతే పొద్దున్నే వచ్చి వాకిలి చిమ్మేవారు."

తొట్టి చూసి కేటా నిజంగానే ఆశ్చర్యపోయాడు. చుట్టూ తిరిగాడు. లసీన్ చెయ్యి పట్టుకుని ఊపాడు. ఇంత తేట నీళ్ళు తమ కార్యాలయం కుళాయిలో కూడా రావని, చూడండంటూ జేబులోంచి తెల్ల చేతిరుమాలు తీసి తొట్టిలో ముంచాడు. పిండి, ఆరడానికి తన మోకాలి మీదే పరుచుకుని, మూడు దఫాల టీకి కూర్చున్నాడు.

టీ కాచే మనిషి మొదటి దఫా పోస్తుండగా టెనిన్ చూపు ఆ రుమాలు మీద పడింది. అంచు లేత పసుపు. మధ్యలో చిన్నగా ఆకుపచ్చ. ఎరుపు పోతే పోతుంది. నీలం మాత్రం పోయినట్టు నటిస్తుంది, గాలి తగలగానే లేచి కూర్చుంటుంది. కానీ తొట్టిలో నీలం ఎక్కడిది? పక్కకి తిరిగి చూస్తే సీతాన్ మొహం పాలిపోయి ఉంది. పొద్దున తొట్టి తేటపడడం చూసి సంబరం పట్టలేక, దాచిన మూడు తొట్టెల నీలంనీళ్ళు కూడా అందులోనే పోసేశానని చెవిలో చెప్పింది. పనిలో పని అయిపోతుందనుకుందట.

రెండో దఫా టీకి రుమాలు పూర్తిగా నీలం. దాని కిందనున్న తెల్ల అంగీ మోకాలు కూడా. తొట్టిలో నీళ్ళ పైపొర మీద నీలం, మీగడ కట్టినట్టు కడుతోంది.

కేటా లేచి నిలబడ్డాడు. మోకాలు చూసుకున్నాడు. తొట్టి చూశాడు. చెయ్యి లక్క సంచీ మీదికి పోయింది.

"చూశారా" అంది టెనిన్, ఆడవాళ్ళ వైపు తిరిగి. "కేటాలు ఎంతైనా మా సొత్తే. ఎవరూ చెప్పకుండానే యజమాని రంగు వేసుకున్నాడు."

మొదట టీ కాచే మనిషి నవ్వాడు. తర్వాత కేటా వెంట వచ్చిన డ్రైవరు. ఆ పైన ఎవరివల్లా కాలేదు. కేటా మొహం ఎర్రబడింది, నల్లబడింది, ఇక వేరే దారిలేక నవ్వు అతికించుకుంది. కూలిబాలీ ముందు కోపగించుకున్న కేటా అని సాయంత్రానికి ఊరంతా పాట కడతారు.

"నువ్వు తిన్న బొబ్బర్లన్నీ బుర్రలోకి ఎక్కాయి, ముసలిదానా" అన్నాడు. "నువ్వు కూలిబాలీవి కాకపోతే ఈ లక్క ఇప్పుడే నీ తలుపు మీద ఉండేది. పది రోజులిస్తున్నా. పదకొండో రోజు నీకూ వరస లేదు, నాకూ వరస లేదు."

అతను వెళ్ళాక కూడా కొంతసేపు నవ్వులు ఆగలేదు. లసీన్ మాత్రం నవ్వలేదు. తొట్టి దగ్గర వంగి, కంకరని దోసిళ్ళతో ఎత్తి బస్తాలో పోసుకుంటున్నాడు. టెనిన్ వెళ్ళి పక్కన నిలబడింది.

"మీరు నన్ను తిట్టినా పడేవాణ్ణి" అన్నాడు అతను, తల ఎత్తకుండా. "ఎలాగూ నాకది పని చెయ్యలేదు, ఒప్పుకునేవాణ్ణి. నా రాళ్ళ పేరు చెప్పి ఎందుకు చేశారు పెద్దమ్మా?"

ఏదో ఒక మాట అనడానికి టెనిన్ నోరు తెరిచింది. ఏమీ రాలేదు. ఆ పెరట్లో అలా జరగడం రెండేళ్ళలో అది రెండోసారి, మొదటిది వాసా పోయిన రోజున. చివరికి, ఏం వేసిందో, ఎంత వేసిందో చెప్పింది.

"హైడ్రోసా?" లసీన్ చేతులాగాయి. "మీది బూడిద పద్ధతన్నారు కదా. ఆ పొడి మీ దగ్గర ఎందుకుంది?"

పెరటి తలుపు వైపు చూసింది టెనిన్. లక్క పడబోయే చోటు అదే. ఆ కొలత వాసా తన చెవిలో చెప్పినప్పుడు, ఇది నీ కడుపులోంచి బయటికి రాకూడదని గడ్డం పట్టుకుని చెప్పింది. రాకపోతే కొలత మిగులుతుంది, దాన్ని వెయ్యడానికి తొట్టి మిగలదు. ఆమె లసీన్ పక్కన గొంతుక్కూర్చుని, నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది. అది చూసి మిగిలిన పదిమందీ, ఎవరూ చెప్పకుండానే, మొహాలు గోడవైపు తిప్పుకున్నారు. రోజూ ఎంతెంత వేస్తారో, ఎన్నిసార్లు వేస్తారో, నీళ్ళలో ఎంత మిగిలిపోతుందో అంతా చెప్పింది.

లసీన్ బస్తా మీద కూలబడ్డాడు. అతనికి కోపం రావాలో నవ్వు రావాలో తేలినట్టు లేదు. "ఆ పొడి మహా ఆకలి మీద ఉంటుంది" అన్నాడు. "నా మందు పడిందో లేదో గుటుక్కున మింగేస్తోంది. రాళ్ళకి మిగిలేదేం లేదు. మూడు వారాలుగా నేను మందు పోసింది మీ రంగుకి కాదు పెద్దమ్మా, మీ అబద్ధానికి."

"అయితే దానికి ముందే కడుపు నింపాలి."

"అవును. కానీ నా మందుతో నింపాలంటే లారీలు కావాలి."

"మందెందుకు" అంది టెనిన్. "అది గాలి తింటుంది. నలభై ఆరేళ్ళుగా తినిపిస్తున్నా."

మర్నాడు పదకొండు మందీ కొంగులు బిగించారు. గోడకి పాత రేకులు ఏటవాలుగా నిలబెట్టారు. నీళ్ళని బకెట్లతో ఎత్తి, తలకంటే పైనుంచి, నురగలు కట్టేలా ఆ రేకుల మీద పోశారు. కింద పట్టి, మళ్ళీ పైనుంచి పోశారు. నీళ్ళు అంతకంతకు నీలమయ్యాయి. పొద్దెక్కేసరికి సిరాలా తయారయ్యాయి. లసీన్ భయపడ్డాడు. రంగు తీద్దామని వస్తే తిరిగి వేస్తున్నారేమిటన్నాడు. నీలం అంతా తిరిగి వచ్చేదాకా పొడి బతికున్నట్టేనని, ఆఖరి చుక్క కూడా నీలమైతేనే అది చచ్చినట్టని, టెనిన్ కసిరి, అతని చేతికీ ఒక బకెట్ ఇచ్చింది. అతని చొక్కా ఆ రోజుతో సరి.

తర్వాత అతను పులుపు కలిపాడు. ఈసారి కంపు రాలేదు. బొబ్బర్లు ఇవాళ ఉడకలేదా పెద్దమ్మా అని లసీన్ అడిగాడు. అతను వేసిన మొదటి ఎకసెక్కెం అదే కాబట్టి టెనిన్ దయతో వదిలేసింది. కంకర వేసి, నురగమందు పోశారు. మధ్యాహ్నానికి సిరా పలచబడి పల్చటి టీ నీళ్ళలా అయింది. పొద్దువాలే అసర్ నమాజు వేళకి తొట్టి అడుగున రాళ్ళు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. టెనిన్ ఒక చెంబుడు తీసి ఎండలో పెట్టి, దాని పక్కనే కూర్చుంది. ఎవరు పిలిచినా లేవలేదు. గిలకొట్టింది, ఊదింది, చెంబులోంచి చెంబులోకి వంచింది. నీలం లేవలేదు. అప్పుడు వెళ్ళి అన్నం తింది.

పదకొండో రోజు కేటా ముదురు గోధుమరంగు అంగీలో వచ్చాడు. జేబులో రుమాలు లేదు. ఆ సంగతి టెనిన్ అందరికీ చాటింది.

"నా బట్ట ముంచను" అన్నాడు అతను. "నీ తలగుడ్డ ఇవ్వు. తెల్లదేగా."

"కేటాకి సిగ్గు లేదని తెలుసు గానీ ఇంత లేదనుకోలేదు" అంటూనే ఆమె తలగుడ్డ విప్పి ఇచ్చింది. అతనే ముంచాడు, పిండాడు, దండెం మీద వేశాడు. లక్క సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. టీ మొదటి దఫా తాగారు. ఇద్దరూ ఒకళ్ళ తాతల్ని ఒకళ్ళు మహా మర్యాదగా తిట్టుకున్నారు గానీ, కళ్ళు మాత్రం దండెం మీదే. రెండో దఫా అయింది. లసీన్ గ్లాసు తాకనైనా తాకలేదు. మూడో దఫాకి గుడ్డ ఆరి గాలికి కొట్టుకోవడం మొదలెట్టింది. తెల్లగా ఉంది. కేటా లేచి దాన్ని ఎండకి పట్టి చూశాడు, వెనక్కి తిప్పి చూశాడు, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఇదొక్కటే అబద్ధం కానిది ఈ ఇంట్లో" అన్నాడు. సంచీలోంచి లక్క కాదు, కాగితం తీసి సంతకం పెట్టాడు. పెరడు తెరిచి ఉండొచ్చు. నెలకోసారి తను వచ్చి చూస్తాడు. వచ్చినప్పుడల్లా భోజనం పెట్టాలి, అందులో బొబ్బర్లు ఉండకూడదు. ఈ చివరిది కాగితం మీద రాయలేదు గానీ గట్టిగానే చెప్పాడు. మిగతా ఎనిమిది పెరళ్ళకీ ఇదే పద్ధతి, లేదా లక్క, అని కూడా చెప్పి వెళ్ళాడు.

మర్నాడు పొద్దున్నే ఎగువ పెరటి కోరోతూం దిగొచ్చింది. ఇరవై ఏళ్ళలో, వాసా పోయిన రోజు తప్పిస్తే, ఆమె ఆ గుమ్మం తొక్కడం ఇదే. ఆమె అద్దే ఆకుపచ్చ లాంటిది బమాకోలో ఇంకెవరికీ రాదు. ఎలా వస్తుందో ఎవరికీ తెలియదు.

రేకులు చూసింది, కంకర చూసింది, టీ తాగింది. మెల్లగా అసలు సంగతికొచ్చింది. తమ నీళ్ళకి గాలి ఎంతసేపు పట్టాలో, మందు ఎంత పొయ్యాలో కాస్త చెప్పాలంది.

"చెప్పకపోతే ఎలా చెల్లీ" అంది టెనిన్. "కాకపోతే అది నీళ్ళలో ఏముందో దాన్ని బట్టి ఉంటుంది. మాష్టారు కూడా అదే అంటున్నాడు. ఏమయ్యా, అంతేనా?"

లసీన్ చూపు నేలకి దించి, అంతే అన్నాడు. అది నిజమే కదా.

కోరోతూం గ్లాసు కింద పెట్టింది. సీతాన్‌నీ, మిగతా ఆడవాళ్ళనీ ఒకసారి కలయజూసింది. వాళ్ళు మర్యాదగా గోడవైపు తిరిగారు. ఆమె టెనిన్ చెవి దగ్గర వంగి, గుసగుసగా, కాస్త ఎక్కువసేపే మాట్లాడింది. టెనిన్ మొహంలో ఏమీ కనపడలేదు. మధ్యలో ఒక్కసారి మాత్రం, ఆ ఆకు ఎండుదా పచ్చిదా అని అడిగింది.

తర్వాతి వారం టెనిన్ పెరటి దండేల మీద ఆరిన ఆకుపచ్చ బజేన్‌ని కొనడానికి, చుట్టుదారిలో పోయే మగవాళ్ళు కూడా ఆ గుమ్మంలోకే వచ్చారు. వాగు మాత్రం ఎవరికీ ఏమీ చెప్పకుండా, తేటగా కిందికి పారింది.